చోటును పిలుచు విద్య

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ సభలో సాహిత్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నడిగిరి. నేను ఏ గురువు నొద్దను చదివినవాడను కాను. భారత భాగవతములు ఈ గ్రంథాలయపు బల్లయొద్దనే, సాయంకాలములయందు, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని చదువుకొన్నవాడను. సాహిత్యము చెప్పుటకు నాకన్న తగినవారు వేదికమీద కూర్చుండియుండగా నేను నోరు విప్పుట భావ్యము కాదు. కనుక నా వృత్తికి దగ్గరి విషయమొకటి ఎన్నుకొంటిని. కంప్యూటర్లును సెల్‌ఫోనులును ఒకదానినొకటి ఏ గుర్తు పట్టి పిలుచుకొనుచున్నవి? పేరును, అంకెను వదలి, ఉన్న చోటునే పట్టి పిలుచుకొనగలవా? అట్లు పిలుచుకొన్నచో మన కృష్ణా డెల్టావారికి కలుగు మేలేమి? ఇదియే నేటి ప్రసంగము. ఊరి లెక్కలు వ్రాయువానికి ఈ యంత్రముల గొడవ యెందుకని మీరనుకొనవచ్చును. కొంచెము ఓపిక పట్టుడు. ఇందలి సారమంతయు మా దఫ్తరములో పూర్వమునుండి ఉన్నదే.

మా యొద్ద భూమికి ముఖ్యముగా రెండు పుస్తకములు కలవు. ఒకటి అడంగలు, రెండవది 1-బి. అడంగలు సర్వే నంబర్ల వరుసను నడచును. 1-బి ఖాతా నంబర్ల వరుసను నడచును. ఖాతా మనిషిని పట్టుకొనియుండును. రైతు హైదరాబాదునకు పోయినను, అమెరికాకు పోయినను, అతని ఖాతా అతని వెంటనే యుండును. సర్వే నంబరు నేలను పట్టుకొనియుండును. తాత అమ్మినను, పరాయివాడు కొన్నను, కోర్టువారు వేలము వేసినను నేల కదలదు, నంబరును కదలదు. (2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో కొన్ని గ్రామములకు క్రొత్తగా ఎల్.పి.ఎం. నంబర్లు వచ్చినవి. అది వేరొక పురాణము. దానిని నేడు విప్పను.) ‘ఎవరిది?’ అన్న ప్రశ్నకు ఒక పుస్తకము, ‘ఎక్కడిది?’ అన్న ప్రశ్నకు మరియొక పుస్తకము. మా తండ్రిగారు కరణీకము చేసినవారు. 1984లో కరణము పదవులు రద్దయినవి. పదవి పోయినది గాని ఈ రెండు ప్రశ్నలు పోలేదు. ఒక దానికి చెప్పవలసిన జవాబు రెండవ దానికి చెప్పుటవలననే పల్లెలలో సగము వ్యాజ్యెములు పుట్టుచున్నవి.

గ్రంథాలయ చందాదారులకు ఇది క్రొత్త కాదు. పూర్వము పెద్ద గ్రంథాలయములలో పుస్తకమునకు నంబరు వేయుట యనగా ఎన్నవ బీరువా, ఎన్నవ అర, అరలో ఎన్నవది అని వేయుటయే. పుస్తకము పేరుతో, విషయముతో పని లేదు. చోటే దాని నంబరు. వెదకుట సులభమే. కాని నడుమ నాలుగు పుస్తకములు క్రొత్తవి చేరినచో నంబర్లన్నియు తిరుగవ్రాయవలెను. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ యను నతడు విషయమును పట్టి నంబరు వేయు పద్ధతి తెచ్చెను. మన మదరాసులో రంగనాథన్‌గారు 1933లో కోలన్ వర్గీకరణము ప్రకటించిరి. నాటినుండి పుస్తకము ఏ బీరువాకు మారినను దాని నంబరు దానితోనే పోవుచున్నది. అనగా పుస్తకములకు సర్వే నంబరు తీసి ఖాతా నంబరు ఇచ్చిరన్నమాట. మేలే జరిగినది. అందుచేత చోటును పట్టి పిలుచుటయే అన్నిట గొప్పదని నేను చెప్పబోవుట లేదు. ఏ పనికి ఏ పిలుపు తగునో అదియే విచారణ.

ఈ విచారణ వాల్మీకి రామాయణములో రెండు చోట్ల ఎంత చక్కగా కనబడుచున్నదో చూడుడు. కిష్కింధలో సుగ్రీవునకు సీతమ్మ పేరు తెలియును, చోటు తెలియదు. చోటు తెలియనందున నాలుగు దిక్కులకు నాలుగు సేనలను, నెల గడువు పెట్టి, పంపవలసివచ్చెను. మూడు దిక్కుల సేనలు ఊరక తిరిగి వచ్చినవి. దక్షిణమునకు పోయినవారు గడువు మీరి, ప్రాయోపవేశమునకు కూర్చుండిన పిమ్మట, సంపాతి కనబడి ‘సముద్రమునకు ఆవల నూరు యోజనముల దూరమున లంకలో నున్నది’ అని చోటు చెప్పెను. పేరు చెప్పినచో చోటు చెప్పువాడు ఒకడు కావలెను. వాడు దొరకువరకు పని సాగదు. ఇక యుద్ధకాండలో దీనికి తలక్రిందైన కథ కలదు. జాంబవంతుడు హనుమంతునకు ఓషధీపర్వతము చోటు గుర్తులతో సహా చెప్పెను. హనుమంతుడు తిన్నగా అక్కడికే పోయెను, వెదకులాట లేదు. కాని ఓషధులు తమను తాము దాచుకొనినందున, ఏది ఏదో తెలియక, శిఖరమునే పెకలించి తెచ్చెను. చోటును పట్టి పిలిచినచో ఆ చోట నున్నదంతయు కలిసి వచ్చును; అవసరమైనదియు, కానిదియు. ఈ రెండు కథలను మనస్సులో నుంచుకొనుడు. తరువాత పనికివచ్చును.

ఇప్పుడు మన ఊరికి వత్తము. కూచిపూడి యను పేరు నేడు లోకమంతట తిరుగుచున్నది. తానీషా అగ్రహారమిచ్చెనని చెప్పుకొను ఈ చిన్న ఊరి పేరు నాట్యమునకు చేరి సముద్రములు దాటినది. ఫోనులో ‘కూచిపూడి’ అని వెదకినచో మన ఊరికన్న ముందు ఏ దేశములోనో ఒక నాట్య పాఠశాల వచ్చి నిలుచును. సంతోషమే! కాని పేరునకు ఇంత కీర్తి వచ్చిన కొలది అది చోటు చెప్పుటకు పనికిరాకుండ పోవుచున్నది. లోకము మాట యెందుకు? కృష్ణకు ఆవలి ఒడ్డున, అమృతలూరు మండలములో, మరియొక కూచిపూడి కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట మన గ్రంథాలయమునకు రావలసిన పుస్తకముల కట్ట యొకటి ఆ కూచిపూడికి పోయి, పదునొకండు దినములు అతిథిగా ఉండి వచ్చినది. కట్టమీద ఊరి పేరు అక్షరము తప్పకుండ ఉన్నది. పిన్‌కోడు మాత్రము లేదు.

ఈ పిన్‌కోడును 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిరి. దానిని రూపొందించిన శ్రీరామ భికాజీ వేలంకర్‌గారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. అంతేకాదు, సంస్కృత కవి. ఈ సంగతి తెలిసిననాడు నాకు కలిగిన ఆనందము ఇంతింత కాదు. ఛందస్సులో గణములు లెక్కించినవానికి అంకెల వరుస కూర్చుట కష్టమా? మన నంబరు 521136. మొదటి 5 చూడగానే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకముల వైపు ఉత్తరము మళ్లును. 52 అనగానే ఆంధ్రమునకు వచ్చును. 521 అనగానే ఈ ప్రాంతమునకు చేరును. చివరి మూడంకెలు మన తపాలా కచేరీని చెప్పును. ఢిల్లీలో నున్న గుమాస్తాకు కూచిపూడి యెక్కడనో తెలియనక్కరలేదు. మొదటి అంకె చూచి సరియైన సంచిలో వేసిన చాలును. తరువాతి సంగతి తరువాతివాడు చూచుకొనును. ఎవడును అంతయు తెలిసికొనక, అందరును కొంచెము కొంచెము తెలిసికొని, ఉత్తరమును చేర్చుటయే ఇందలి చమత్కారము.

2025 మే 27న తపాలా శాఖవారు ఇంకొక మెట్టు ఎక్కిరి. దాని పేరు డిజిపిన్. హైదరాబాదులోని ఐ.ఐ.టి.వారును, అంతరిక్ష సంస్థకు చెందిన జాతీయ దూరసంవేదన కేంద్రమువారును తపాలా శాఖతో కలిసి దీనిని చేసిరి. పద్ధతి వినుడు, పలకమీద గీసి చూచుకొనవచ్చును. దేశమును, దాని చుట్టునున్న సముద్రమును కలిపి ఒక పెద్ద చదరములో బిగించిరి. దానిని నిలువున నాలుగు, అడ్డమున నాలుగు, మొత్తము పదునారు గళ్లు చేసి, గడికొక గుర్తు పెట్టిరి. మరల ఒక్కొక్క గడిని పదునారు చేసిరి. ఇట్లు పది మారులు. పదవ మారు వచ్చు గడి ఇంచుమించు నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు. ఒక వంటయిల్లు పట్టు చోటు. ఇట్టి గళ్లు మొత్తము లక్షా తొమ్మిదివేల కోట్లకు పైబడును. పది గుర్తులతో ఏ గడినైనను చెప్పవచ్చును. మన ఊరివారి కందరకును మొదటి రెండు గుర్తులు 4, 7. ఆవలి ఒడ్డు కూచిపూడికిని అవియే. లోపలికి పోయిన కొలది వారివి వారివి, మనవి మనవి అగును. ఈ గుర్తులలో ఇంటి యజమాని పేరు లేదు, కులము లేదు, ఇంటి నంబరును లేదు. కేవలము చోటు. సర్వే నంబరు వ్రాయు చేయి గలవానికి ఇది సొంత బిడ్డవలె కనబడును.

ఇది నేల సంగతి. యంత్రముల సంగతి యేమి?

ఉత్తరమునకు పిన్‌కోడు ఎట్టిదో ఇంటర్నెట్టులో ఐ.పి. నంబరు అట్టిది అని పిల్లలకు బడిలో చెప్పుచున్నారు. అది సగమే నిజము. ఐ.పి. నంబర్ల పాత పద్ధతిలో మొత్తము 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 నంబర్లు కలవు. వానిని పంచు పెద్ద ఇల్లు ఒకటి కలదు. దాని క్రింద భూగోళమున ఐదు ప్రాంతములకు ఐదు ఇండ్లు. మన ప్రాంతపు ఇల్లు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేనులో నున్నది. అక్కడినుండి కంపెనీలకు, కంపెనీలనుండి మన ఫోనులకు నంబర్లు దిగివచ్చును. 2011 ఫిబ్రవరి 3న పెద్ద ఇంటివారు తమ యొద్దనున్న చివరి మూటలు పంచి చేయి దులుపుకొనిరి. తరువాత ఎన్నటికిని తరుగనంత పెద్ద పద్ధతి యొకటి వాడుకలోనికి వచ్చుచున్నది. ఏ పద్ధతియైనను, ఆ నంబరు ఎవరిచ్చిరో చెప్పును గాని యంత్రము ఎక్కడ నున్నదో చెప్పదు. మోవ్వలో కూర్చుండి చూచుచున్న ఫోను నంబరు హైదరాబాదుదిగానో, చెన్నపట్నముదిగానో కనబడవచ్చును. ఒక్క నంబరునే వందలమంది ఫోనులు పంచుకొనుటయు కలదు.

ఎందుకిట్లు చేసిరి, చోటును పట్టియే నంబరు వేయరాదా యని అడుగవచ్చును. దీనికి జవాబు మన కాలువలలోనే కలదు. ఏటి ఒడ్డుననే యున్న పొలమునకు నీరు ఎక్కడనుండి వచ్చుచున్నది? ప్రక్కనున్న ఏటినుండి కాదు. బెజవాడయొద్ద, 1855లో ఆనకట్ట పూర్తియైన చోట, నేడు 1957 నాటి ప్రకాశము బ్యారేజి యున్న చోట, పెద్ద కాలువలో పడి, చిన్న కాలువలోనికి తిరిగి, బోదె పట్టి వచ్చుచున్నది. గట్టున కెదురెదురుగా నున్న రెండు చేలు వేరు వేరు కాలువల క్రింద నుండవచ్చును. దగ్గర అనుట వేరు, దారి అనుట వేరు. ఇంటర్నెట్టు కూడ అట్టిదే. ఒకే వీథిలో ఎదురెదురు ఇండ్లవారు వేరు వేరు కంపెనీల చందాదారులైనచో, ఈ ఇంటి మాట ఆ ఇంటికి పోవుటకు ముందు ఏ పెద్ద పట్టణమునకో పోయి, అక్కడ రెండు కంపెనీల తీగలు కలిసినచోట మారి, తిరిగి రావలెను. వీథిని పట్టి నంబరు వేసినచో ఒక కంపెనీ మాటను మరియొక కంపెనీ ఊరక మోయవలసివచ్చును. ఎవరు మోయుదురు? తన బోదెలో ప్రక్కవాని నీరు పారనిచ్చు రైతును నేను నా ఉద్యోగములో వ్రేళ్లమీద లెక్కించగలను.

చోటు చెప్పని నంబరునుండి చోటును ఊహించి చెప్పు వ్యాపారులు కొందరు కలరు. అమెరికాలో జరిగిన ఒక సంగతి చెప్పెదను. 2016లో అది పత్రికలలో బయటపడినది. అట్టి కంపెనీ యొకటి ‘ఈ నంబరు అమెరికాలోనిది, అంతకన్న తెలియదు’ అనవలసిన చోట, దేశము నడుమనున్న ఒక బిందువును వ్రాసిపెట్టెను. ఆ బిందువు కాన్సాస్ రాష్ట్రమున ఒక పొలములో పడినది. అరువది కోట్ల నంబర్లు ఆ ఒక్క పొలమునకు చేరినవి. ఎక్కడ ఎవడు మోసము చేసినను పోలీసులును, మోసపోయినవారును ఏండ్ల తరబడి ఆ పొలములోనివారి తలుపు తట్టిరి. పాపము, వారు చేసిన దేమియు లేదు. ‘తెలియదు’ అని వ్రాయుటకు గడి లేని పుస్తకము ఎంత ప్రమాదకరమో లెక్కలు వ్రాయువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

అయినను, యంత్రములను చోటును పట్టియే పిలువవచ్చునని ఆలోచించినవారు ముందునుండియు కలరు. 1987లో గ్రెగరీ ఫిన్ అను నతడును, 1996లో ఇమిలిన్‌స్కీ, నవాస్ అను వారును, 2000లో కార్ప్, కుంగ్ అను వారును దీనిని గూర్చి వ్రాసిరి. వారి మార్గము సూక్ష్మముగా చెప్పెదను. ప్రతి యంత్రమునకును తానున్న చోటు తెలియును; ఇరుగుపొరుగు యంత్రములున్న చోట్లును తెలియును. అంతకుమించి ఏమియు తెలియనక్కరలేదు. మాటమీద చేరవలసిన చోటు వ్రాసియుండును. చేతికి వచ్చిన యంత్రము, తన పొరుగువారిలో ఎవరు ఆ చోటికి ఎక్కువ దగ్గరో చూచి వారికి అందించును. వారును అట్లే. పెద్ద పుస్తకము లేదు, పంచు ఇల్లు లేదు. కాళిదాసు మేఘమునకు యక్షుడు చెప్పిన దారియు ఇట్టిదే కదా. రామగిరినుండి ఉత్తరముగా, కొండ వెంట కొండ, ఏరు వెంట ఏరు, అలకాపురములో కుబేరుని మేడకు ఉత్తరపు వైపు ఇల్లు.

కాని మేఘమునకు ఏరు అడ్డు కాదు. మనకు అడ్డే. ఈ కూచిపూడినుండి ఆ కూచిపూడికి సూటిగా గీత గీచి కొలిచినచో సుమారు ముప్పది కిలోమీటర్లు. ఒక మాట చేతినుండి చేతికి పోవుచు కృష్ణ ఒడ్డున చేరినదనుకొనుడు. అక్కడివానికి తనకన్న ఆవలికి దగ్గరగా నున్నవాడు ఈ ఒడ్డున ఎవడును కనబడడు. మాట అక్కడ నిలిచిపోవలసినదేనా? వారు చెప్పిన ఉపాయమేమనగా, చీకటిలో గోడకు కుడిచేయి ఆనించి నడచినట్లు, ఒడ్డు వెంటనే పోవలెను. కొంతసేపు గమ్యమునకు దూరమైనను సరే. పులిగడ్డయొద్ద వంతెన దొరకును. దొరకిన పిమ్మట మరల సూటి దారి పట్టవలెను. వంతెన లేని కాలమున రేవులో పడవకై కూర్చుండినవారికి ఈ శాస్త్రమంతయు అనుభవములోనిదే. ఈ పద్ధతి నేడు ఇంటర్నెట్టు అంతటను లేదు గాని, తీగలు టవర్లు లేని చోట రేడియోతో మాటలాడుకొను చిన్న యంత్రములకును, రహదారిమీద ముందు ప్రమాదము కలదని వెనుకవానికి తెలుపుకొను మోటారు వాహనములకును యూరపువారు నియమములు వ్రాసియున్నారు. ‘ఫలానా మైలురాయినుండి ఫలానా మైలురాయి వరకు నున్న బండ్లన్నిటికిని’ అని పిలుచుటయే దాని ప్రాణము. ఆ బండ్ల నంబర్లు ఎవరికి కావలెను?

ఇక్కడికి వచ్చుటకే ఇంతసేపు నడచితిని. 1977 నవంబరు 19. ఈ తేదీ ఈ సభలో ఎవరికి తెలియదు? ఆనాడు నేను బాలుడను. దివిసీమమీద ఉప్పెన పడినది. సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలైన తీరపు ఊళ్లను సముద్రము తాటిచెట్ల ఎత్తున వచ్చి ముంచినది. లెక్కకు వచ్చినవారే పదివేలకు అటునిటు. దానికి నూటపదమూడేండ్లకు పూర్వము, 1864 నవంబరులో, బందరుమీద వచ్చిన ఉప్పెనలో ముప్పదివేలమంది పోయిరని వ్రాసియున్నది. రెండు మార్లును సముద్రము మనకు వింత శత్రువు కాదు. ఎప్పుడు, ఎక్కడ అన్నదే తెలియదు. 1977లో రేడియో కలదు. కాని రేడియో చెప్పునది తీరమంతటికి. ఏ ఊరు లేవవలెను, ఏ ఊరు కూర్చుండవచ్చును అని ఊరిని పట్టి పిలుచు సాధనము నాడు లేదు. తంతి కచేరీనుండి తంతి పోవును. అది అధికారి పేరిట పోవును, సొర్లగొందిలోని బెస్తవాని పేరిట పోదు. తీగ తెగినచో అదియు లేదు.

నేడు ఆ సాధనము కలదు. దానిని సెల్ బ్రాడ్‌కాస్టు అందురు. ఇది మామూలు సందేశము వంటిది కాదు. మామూలు సందేశము ఒక్కొక్క ఫోను నంబరును పట్టి, వరుసలో నిలిచి, ఒకరి తరువాత ఒకరికి పోవును. అందరు ఒక్కసారి ఫోనులు పట్టుకొన్న వేళ వరుస చాంతాడంత అగును. సెల్ బ్రాడ్‌కాస్టులో నంబర్లతో పనియే లేదు. అధికారి పటముమీద ఒక గీత గీచును: ఇంతవరకు. ఆ గీతలోపల నున్న టవర్లన్నియు ఒక్కమారుగా కేక వేయును. ఆ టవర్ల నీడలో నున్న ఫోనులన్నియు వినును. నీ పేరేమి, నీ కంపెనీ యేది, నీది ఏ ఊరు అని అడుగదు. చుట్టపుచూపుగా వచ్చినవాడును వినును. బస్సులో పోవుచున్నవాడును వినును. ఆవలి కూచిపూడి గీతకు వెలుపల నున్నచో అక్కడివారు నిద్ర పోవుచునే యుందురు. ఇది శిఖరమును తెచ్చిన హనుమంతుని పద్ధతి. మన దేశములో సి-డాట్ సంస్థవారు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థతో కలిసి చేసిన ‘సచేత్’ అను ఏర్పాటులో ఇట్టి హెచ్చరికలు పంపుట కలదు. 2023లో పరీక్షగా పంపిననాడు ఫోనులన్నియు వింత కూత కూయగా జనము బెదరినారు. అందులో, ఇది పరీక్ష మాత్రమే, మీరు చేయవలసినది ఏమియు లేదని యున్నది. చదివినవారు నవ్విరి. నాకు మాత్రము సొర్లగొంది గుర్తువచ్చినది.

సముద్రములో నున్నవాని మాట యేమి? టవరు కేక తీరమునుండి పది పండ్రెండు కిలోమీటర్లు దాటదు. గిలకలదిండి రేవునుండి పోవు మరబోట్లు అంతకన్న ఎంతో దూరము పోవును. 2017లో కేరళ, తమిళనాడుల వైపు వచ్చిన ఓఖీ తుఫానులో, అప్పటికే సముద్రములో నున్నవారికి కబురు అందక అనేకులు పోయిరి. తరువాత 2019 అక్టోబరులో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రమువారు ‘జెమిని’ యను చిన్న పెట్టెను తెచ్చిరి. ఉపగ్రహము చెప్పు మాటను అది విని చేతిలోని ఫోనునకు అందించును. తిరిగి బదులు చెప్పు శక్తి దానికి లేదు. వినుటయే. అంత మాత్రమునకే ఒక బోటు వెనుకకు తిరుగవచ్చును.

ఇందులో నాకు రెండు సందేహములు కలవు. మొదటిది, శిఖరమంతయు తెచ్చినప్పుడు అక్కరలేని మొక్కలును వచ్చును. గీత మరీ పెద్దదిగా గీచి, మాటిమాటికి అందరిని లేపినచో, మూడవమారు జనము ఫోను నోరు నొక్కి పండుకొందురు. గీత గీయువానికి నేల తెలియవలెను. ఏ కాలువ ముందు పొంగునో, ఏ వీథి పల్లమో తెలియవలెను. రెండవది, నా చోటును పట్టి నన్ను పిలుచుట వేరు, నా చోటును కనిపెట్టి పుస్తకములో వ్రాసికొనుట వేరు. టవరు కేకలో మొదటిదే యున్నది. ఎవడు విన్నాడో టవరు వ్రాసికొనదు. కాని ఫోనులో మనము అంగీకారపు మీటలు నొక్కి, నొక్కి, మన చోటును ఎందరో వ్యాపారులకు అప్పగించుచున్నాము. అడంగలును, 1-బిని కలిపి చూచిన వానికి ఊరి గుట్టంతయు తెలియును. అందుకే ఆ రెండింటిని పెట్టెలో పెట్టి తాళము వేయుట మా పెద్దల ఆచారము.

ఇంకొక మాట కలదు, అది యంత్రములవారు తీర్చలేనిది. టవరు కేక చోటుకు చేరును. అక్కడ ఫోను లేనిచో? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరము దాటినది. ఆ రెండు దినములు నేను వీథి వీథి తిరిగితిని. కల్లములో నున్న ధాన్యము ఎత్తుకొన్నవారిలో ఫోను చూచి కదలినవారికన్న, ప్రక్కింటివారు పిలువగా కదలినవారే ఎక్కువ. ఒంటరిగా నున్న ముదుసలి అమ్మలకు ఫోను ఉన్నను, అది కొడుకు మాటలాడుటకే గాని కూతకు లేవరు. చెవి వినబడనివారు కలరు. చార్జి లేని ఫోనులు కలవు. గాలి మొదలైన పిమ్మట కరెంటు ఎంతసేపు ఉండునో మీకు తెలియును.

కాబట్టి నాదొక మనవి. మన గ్రంథాలయపు గోడకు ఊరి పటమొకటి పెద్దదిగా వేయింతము. వీథులు, కాలువలు, బోదెలు, పల్లపు చోట్లు, గట్టి మిద్దెలు అందులో ఉండవలెను. ఏ ఇంటిలో పోయి తలుపు తట్టవలసినవారు కలరో, ఆ ఇంటి చోటున చిన్న చుక్క మాత్రము పెట్టుదము, పేరు వద్దు. చుక్కల క్రింద నున్న పేర్లు వేరొక పుస్తకములో, ఆ పుస్తకము బీరువాలో, తాళపుచెవి గ్రంథపాలకుని యొద్ద. వీథికి ఇద్దరు కుర్రవారు ఒప్పుకొన్న చాలును. పెద్దలు అనుమతించినచో వచ్చు ఆదివారము ఉదయమున రామలింగేశ్వరస్వామి గుడి వీథినుండి కొలత మొదలుపెట్టుదము. గొలుసు నేను తెచ్చెదను. కాలువ చివరి వీథిని కొలుచువేళ మోకాలిలోతు బురద యుండును. పాత పంచెలు కట్టుకొని రండు.